సగంల ఆర్పిన చుట్ట

నాకు కోపమెక్కువ. ఊర్లె ఎవర్నడిగినా చెప్తరు. మా ఇంటామె బుగ్గమ్మనైతె అడిగే పనే లేదు, తొవ్వల పోయేటోళ్ళను ఆపి మరీ చెప్తది. గా సంగతి ముందుగాలనె ఎందుకు చెప్తున్ననంటె, మల్లీశ్వరికి జరిగిన అన్యాయం గా కోపంతోనె మొదలైంది. ఎన్కనుంచి చెప్తె తప్పించుకున్నట్టైతది.

నా పేరు హన్మయ్య. కుర్మోళ్ళం. మా ఊరు బంట్వారం దిక్కు. నూటిరవై గొర్లున్నయి, అరవై ఏడేండ్లొచ్చినయి. సదువు రాదు గని ఒక్క విద్దె వచ్చు. చుట్ట ముట్టిచ్చి నాలుగు దమ్ములు గుంజితె గా ఆకు ఎర్రనేలల పండిందా నల్లరేగట్ల పండిందా, బస్తా ఎరువుతోటి పండిందా గొర్ల ఎరువుతోటి పండిందా చెప్త. మా నాయిన నేర్పిండు. డాక్టరు మానుమన్నడు, నా కొడుకు గణేశ్ మానుమన్నడు. మాననైతె మానలేదు గని శాన తగ్గించిన. ఇప్పుడు పరీచ్చ కోసమే తాగుత.

ఊరికి దక్షిణం దిక్కున గుండ్లచెల్క అని ఎకరంనర భూమి ఉన్నది. తాండూరు పటేలోళ్ళది. వాళ్ళకు అక్కడ నాపరాయి పాలిష్ కార్ఖాన ఉన్నది. గుండ్లచెల్కల మొత్తం రాళ్ళే. కంది పెడ్తె గూడ మోకాలెత్తే పెరుగుతది. గని పొగాకుకు గసొంటి భూమి ఈ సుట్టుపక్కల లేదు. ఒక్క బస్తా ఎరువు గూడ ఎయ్యం. ఎండకాలం నా మందను ఇరవై ఒక్క దినాలు రాత్రిళ్ళు దడి కట్టి ఆడ పండవెడ్త. గా దినాలల్ల గొర్లు తుమ్మకాయ దిని బతుకుతయి. వాటి పెంట, వాటి ఉచ్చ ఇగురంగ నేలల ఇంకి, వాన పడ్డంక ఆకులకెక్కుతది. బస్తా ఎరువు ఆకు ముక్కుకు కొట్టి పోతది. మంద పండిన చేని ఆకు గొంతు దిగి ఛాతిల కూసుంటది. గిది నేను గొప్పకు చెప్పుడు గాదు, తాగినోళ్ళు చెప్పిన మాట.

నాలుగేండ్ల కింద పటేల్ బిడ్డ రచన హైదరాబాద్ల సదువు అయిపోయి కార్ఖాన చూసుకోనీకె వచ్చింది. ఒకసారి మా ఊరికొచ్చి నేను తాగుతున్న చుట్ట వాసన చూసి, ఎక్కడిది తాతా అని అడిగింది. నీ చెల్కదే బిడ్డా అన్న. అట్ల మొదలైంది. గా ఒక్క చేని ఆకుతోటి యాడాదికి వెయ్యి చుట్టలే చేపిస్తది. డబ్బాకు అయిదు, మొత్తం రెండు వందల డబ్బాలు. హైదరాబాద్ల పెద్ద పెద్ద హోటళ్ళకు పోతయి. అయిపోయినంక ఎంత ఇస్తమన్నా మల్ల చెయ్యదు. తక్కువుంటేనె కిమ్మతు తాతా అంటది. నాకు నవ్వొచ్చింది. మా తాత గూడ చుట్టలు తక్కువనె చేస్తుండె, ఆకు లేక.

డబ్బా మూత మీద పెద్దక్షరాలతోటి అచ్చేపిచ్చింది. ఒక్క చెల్క, ఒక్క మంద, ఒక్క చెయ్యి. చెల్క వాళ్ళది, మంద నాది. చెయ్యి మల్లీశ్వరిది.

మల్లీశ్వరి మా అంజి పెండ్లాం. అంజి నాకు తోడబుట్టినోడు గాదు, పాలోడు, వరుసకు తమ్ముడు. గని ముప్పై ఏండ్లు ఇద్దరం ఒక్క మంద ఎంట తిరిగినం, ఒక్క గొంగడిల పన్నం. అయిదేండ్ల కింద వానకాలం మొదట్ల పిడుగు పడి సచ్చిపోయిండు. నాకూ వానికీ నడుమ ఇరవై అడుగులు గూడ లేదు. వాడు పోయిండు, నేను మిగిలిన. వాడు పోయిన మూడో దినం, మూడోద్దుల నాడు, పది మందిల నిలబడి మల్లీశ్వరికి మాటిచ్చిన, నేనున్న, ఫికర్ చెయ్యకు అని. రచన చుట్టలు చుట్టేటోళ్ళు ఎవరున్నరని అడిగినప్పుడు నేనే ఆమె పేరు చెప్పిన. ఆమె చేతికి నాది పూచీ అన్న. మొదటి యాడాది డబ్బా వచ్చినప్పుడు, చెయ్యి అనే మాట ఎక్కడ రాసుందని అడిగి, గా అక్షరాల మీద ఏలు పెట్టి శానసేపు చూసింది. ఆమెకు సదువు రాదు. గని గా అక్షరాలు ఎట్లుంటయో ఇప్పటికి గూడ మట్టిల రాసి చూపెడ్తది.

ఇగ మొన్నటి సంగతికొస్త.

ఏటా మిరుగం కార్తె ఎల్లినంక తాండూరు కార్ఖానల పరీచ్చ పెడ్తరు. నిరుటి చుట్టల నుంచి నాలుగు దాసి ఉంచుతరు. వాటి పక్కన ఈయేటివి పెట్టి, రెండూ తాగి చూసి, ఘాటెట్లున్నది, వాసనెట్లున్నది చెప్పాలె. నేను చెప్పినంకనే డబ్బాలు మూస్తరు. పరీచ్చకు ఒక కాయిదా ఉన్నది, మా నాయిన నాటి నుంచి ఉన్నది. రెండు చుట్టల నడుమ జొన్నరొట్టె ముక్క నమిలి నీళ్ళు పుక్కిలియ్యాలె. బాగున్న చుట్టను పీక దాకా తాగాలె. బాగలేనిదాన్ని ఆర్పి కింద పెట్టాలె. ఆర్పినంక ఇగ మాట లేదు.

గా దినం ఆఫీసు రూముల నలుగురం ఉన్నం. నేను, మల్లీశ్వరి, రచన, ఇంకొకాయిన హైదరాబాద్ నుంచి వచ్చిండు, పేరు కార్తీక్. ఏదో హోటల్ల సిగార్లు తాగే రూముంటదంట, దాన్ని చూసుకునేటాయిన. ఊరి నుంచి చుట్టల గంపలు తన ట్రాలీ ఆటోల తెచ్చిన నవీన్‌కుమార్ దర్వాజ కాడ నిలబడి చూస్తుండె. మిషిన్లు బందైనయి, అన్నం టైము. కార్తీక్ సార్ జేబుల నుంచి చిన్న కత్తెర తీసి చుట్ట మొన కోసిండు, ఒక బుక్కు తీసి ముందట పెట్టుకున్నడు. ఏమేమో రాస్తుండు. నేను పంటితోటి కొరికి ముట్టిచ్చిన.

ముందుగాల నిరుటిది. మొదటి దమ్ముకే ఏంచిన కందుల వాసనొచ్చింది. రెండో దమ్ముకు కారం నాలిక చివరన తగిలింది. నాలుగో దమ్ముకు గొంతు కింద గా బరువు కూసున్నది. బూడిద తెల్లగ, ఏలెడు పొడుగు నిలబడ్డది. కార్తీక్ సార్ కండ్లు మూసుకొని తలకాయ ఊపిండు. గాయిన ఘాటుకు పదికి తొమ్మిదేసిండని రచన చెప్పింది. నాకు కడుపు నిండింది. గా తొమ్మిది నా గొర్లకేసినట్టనిపిచ్చింది.

రొట్టె నమిలిన, నోరు కడుక్కున్న. ఈయేటిది ముట్టిచ్చిన.

ఏం లేదు. జర తియ్యగున్నది, వాసన ఉన్నది గని ఎన్క ఏం లేదు. ఇంకో దమ్ము గుంజిన. పొగ నోట్లకొచ్చి నోట్ల నుంచే పోయింది. గొంతుల దిగలేదు. బూడిద నల్లగొచ్చింది. కార్తీక్ సారేమో, బాగనే ఉంది, మైల్డుగ ఉంది, కొంతమందికి ఇట్లనే కావాలె, డబ్బా మీద మైల్డు అని రాస్తె సరిపోతది అన్నడు. గాయినకు ఏ పరేషాన్ లేదు. నేను గూడ ఊకున్నుంటె పని అయిపోతుండె. రెండు వందల డబ్బాలు ఎల్లిపోతుండె, ఎవరికీ ఏం గాకపోతుండె. గని గాయిన ఒక మాటన్నడు. ఈసారి మీ మందల బలం తగ్గిందేమో తాతా అని నవ్విండు.

నా మందల బలం తగ్గుడా. నాకు నెత్తికెక్కింది.

"మంద గదే. చెల్క గదే. గిది గుండ్లచెల్క ఆకు గాదు," అన్న. "ఎవరో ఆకు మార్చిండ్రు."

నేను పేరు చెప్పలే. చెప్పే పని లేదు. ఆకు చెల్క నుంచి నేరుగ పోయేది మల్లీశ్వరి ఇంటికే. ఆరబెట్టేది ఆమె, మాగవెట్టేది ఆమె, చుట్టేది ఆమె. అందరూ ఆమె దిక్కే చూసిండ్రు.

మల్లీశ్వరి కుర్చీల కూసోదు, గోడకు ఒరిగి నిలబడ్డది. నా మొఖం చూసి, "అదే ఆకు బావ," అన్నది. మల్ల గీ సప్పదనం ఎక్కడికెల్లి వచ్చిందని నేనే గట్టిగ అడిగిన. ఆమెకేం తెలుసు పాపం, ఏం చెప్తది. నేను చుట్టను టేబుల్ మీది రాయికి ఒత్తి ఆర్పి కింద పెట్టిన. సగం గూడ కాలలేదు. ఆమె వంగి దాన్ని తీసి, పేపరు ముక్కల చుట్టి, నడుం కాడి సంచిల ఏసుకున్నది. నేను చూసిన.

రచన మంచి పిల్ల. మల్లీశ్వరిని ఒక్క మాట గూడ అనలే. మూత మీద ఒక్క చెల్క అని రాసి, లోపల వేరే ఆకు పెట్టి అమ్మలేనని మాత్రం చెప్పింది. గా దినమే డబ్బాలు లోపల రూముల పెట్టి తాళమేసింది. వచ్చే ఏడు ఆకు చుట్టనీకె బీదర్ దిక్కు ఎవరినో మాట్లాడుతనన్నది. మల్లీశ్వరి సరేనమ్మా అన్నది.

నవీన్‌కుమార్ ఆటో మాకన్న ముందే ఊరికొచ్చింది. ఎన్క ఎన్క మాట గూడ వచ్చింది. మల్లీశ్వరి దుకాణం ఆకు కలిపిందంట, హన్మయ్య తాత ఒక్క దమ్ముకే పట్టిండంట. ఊరోళ్ళకు నా నాలిక మీద గంత నమ్మకం. అంజి ఉంటె ఇట్ల గాకపోతుండె అని కొందరు. నిప్పు లేందె పొగ వస్తదా అని ఇంకొందరు. ఆమె కాడ చుట్టలు కొనేటోళ్ళు ఒకరెన్క ఒకరు మానిండ్రు. ఆమె కంది చేన్లకు కలుపు పోవుడు మొదలువెట్టింది. ముప్పై ఏండ్లు చుట్టలు చుట్టిన చేతులవి, కొడవలి పట్టి పుండ్లైనయి.

మా బుగ్గమ్మ నాతోటి మాట్లాడుడు బందు చేసింది. అన్నం గిన్నె ముందట పెడ్తది, పోతది. ఒక్కనాడు మాత్రం ఆగి అన్నది. అంజి సచ్చిన దినం గూడ మల్లీశ్వరి అప్పు తెచ్చిన ఉల్లిగడ్డలు తిరిగిచ్చి వచ్చింది, గా మనిషి ఆకు మారుస్తదా అని. నేను లొంగలే. నా నాలిక అబద్ధం చెప్పదు అన్న. అది నిజమే. ఇప్పటికి గూడ చెప్తున్న, నా నాలిక అబద్ధం చెప్పలే.

పెత్తరమాస దగ్గరకొచ్చింది. మా దిక్కు గా దినం సచ్చినోళ్ళకు ఇస్తారు వేస్తం. అన్నం, కూర, కల్లు, వాళ్ళు బతికున్నప్పుడు ఏం ఇష్టమో అది. మొగోళ్ళకైతె చుట్ట ఉండాల్సిందె. ఊరంత మల్లీశ్వరి కాడికే వస్తుండె చుట్టల కోసం, పెద్దలకు మంచివి పెట్టాలెనని. ఈయేడు ఒక్కరు గూడ పోలే. కల్తీ చుట్ట పెద్దలకెట్ల పెడ్తం అన్నరంట. గా మాట బుగ్గమ్మ తెచ్చి నా ముందర పెట్టింది, అన్నం గిన్నె పెట్టినట్టె.

అమాస ఇంక రెండు దినాలుందనంగ గొడ్డలి పట్టుకొని గుండ్లచెల్కకు పోయిన. పొగాకు నారు పెట్టే ముందు ఏటా నాకొక పని ఉంటది. గొర్లు తుమ్మకాయ తింటయి గద, గింజ అరగదు, పెంటల పడి వానకు మొలుస్తది. మంద పండిన యాడాది చేన్ల మొలిచినయైతె నాగలికి పోతయి. గట్ల మీదివి మిగులుతయి. యాడాది తిరిగేసరికి నడుమెత్తు అయితయి, ముండ్లతోటి. వాటిని నేనే కొడ్త. పొద్దటి నుంచి మద్యాన్నం దాకా పడుతది గా పని.

నాలుగు గట్లు తిరిగిన. ఈయేటి మొలకలు జానెడు జానెడు ఉన్నయి. మొన్న ఎండకాలం నేనే దగ్గరుండి పండవెట్టిన మందవి. నిరుటియి లేవు. మల్ల తిరిగిన. ఒక మూలకు రెండు మూడు తప్ప ఇంక లేవు. కొట్టనీకె ఏం లేదు. గొడ్డలి భుజం మీద ఉండంగనే గట్టు మీద కూసున్న.

నిరుడు ఎండకాలం నేను మంద ఎంట లేను. కంట్లె పొర ఆపరేషన్ కోసం వికారాబాద్ దవాఖానల పండి, ఎన్క నలభై దినాలు దుమ్ముల తిరగొద్దన్నరని మా చెల్లె ఇంట్లనె ఉన్న. మంద గణేశ్ చేతిల ఉండె. రోజూ ఫోన్ చేసి మంద చెల్కలనె ఉన్నదారా అని అడుగుతుంటి. ఉన్నది నాయినా అనేటోడు.

అడ్డతొవ్వకు కాకుండ రోడ్డు మీదికెల్లి ఇంటికి నడిచిన. రోడ్డు పక్కన హైదరాబాదోళ్ళు ప్లాట్లు కొట్టిన వెంచర్ ఉన్నది. సుట్టూ ఇనుప జాలి, గేటు, బోరు. ప్లాట్లు అమ్మిండ్రు గని ఇండ్లేం లేవు. జాలి పట్టుకొని లోపలికి చూసిన. నడుమెత్తు తుమ్మలు. యాడాది తుమ్మలు, మంద దడి ఎంత సదరముంటదో గంత సదరంల, గీత గీసినట్టు ఉన్నయి. నా మంద సైజు నాకు తెల్వదా.

గణేశ్‌ను నిలవెట్టి అడిగిన. వాడు దాసలేదు. గుండ్లచెల్కల నాలుగో దినం కుక్కలు పడి మూడు గొర్రెపిల్లలను సంపినయంట. వెంచర్ కావలాయినె జాలి లోపలికి తోలుకోమన్నడంట, నీళ్ళున్నయి, లైటున్నది, మిగిలిన దినాలన్ని ఆన్నే పెట్టిండంట. నాకెందుకు చెప్పలేదురా అన్న. వాడు నేల చూసుకుంట అన్నడు.

"చెప్తె తిడ్తవని చెప్పలే నాయినా. నీకు కంటి కుట్లున్నయి, ఒర్రుతవని భయపడ్డ."

మల్ల మల్లీశ్వరిని అన్నప్పుడన్న చెప్పొద్దా అన్న. అప్పుడు చెప్పనీకె ఇంకా భయమైంది అన్నడు. నేను ఒక్క మాట గూడ తిట్టలే. జిందగీల మొదటిసారి నాకు తిట్టనీకె నోరు రాలే. ఇంటి దొంగను ఈశ్వరుడన్న పట్టలేడంటరు. ఇక్కడ దొంగేంది, వానికి భయం పెట్టింది నేనే.

ఎవరికీ చెప్పకుండ ఊకుందామా అని గూడ అనిపిచ్చింది, అబద్ధమెందుకు. కడుపు చించుకుంటె కాళ్ళ మీదనె పడుతది. మూత మీద ఒక్క మంద అని రాసుందంటె గది నా ఇజ్జత్. గది పోతది. గణేశ్ గూడ గదే అన్నడు, ఇగ మన మందను ఎవరు పిలుస్తరు నాయినా అని. ఒక దినమంత గట్లనె కూసున్న.

పెత్తరమాస నాడు పొద్దుగాల మల్లీశ్వరి ఇంటికి పోయిన. ఆమె అంజికి ఇస్తారు వేస్తున్నది. అన్నం పక్కన ఒక చుట్ట పెట్టింది. ఈయేడు ఊర్లె సచ్చిన పెద్దలల్ల ఆమె చుట్ట అందుకున్నది గా అంజి ఒక్కడే. నేను వాకిట్లనె నిలబడి మొత్తం చెప్పిన. తుమ్మలు, వెంచర్, గణేశ్, అన్ని. తప్పు నాది మల్లీశ్వరీ, మాఫ్ చెయ్యి అన్న. ఏడుపొచ్చింది, ఆపుకోలే. ఆమె ఏడ్వలే. పని ఆపి చీరె కొంగుకు చేతులు తుడుసుకున్నది.

"ఏడ అన్నవో ఆడ తియ్యి బావ. ఇంట్ల నా ఒక్కదానికి చెప్తె నాకేం అక్కరకొస్తది," అన్నది. జర ఆగి, అప్పుడు ఉన్నోళ్ళందరూ ఉండాలె, నవీన్‌కుమార్ గూడ ఉండాలె అన్నది. మాటను ఊర్లెకు మోసిందే వాడు గద అన్నది.

సోమారం నాడు నవీన్‌కుమార్ ఆటోలనె తాండూరు పోయినం. మల్లీశ్వరి ముందట కూసున్నది, నేను ఎన్క గంపల జాగల కూసున్న. కార్తీక్ సార్ రాలేకపోయిండు. ఫోన్ల ఉంటనన్నడంట, రచన ఫోన్‌ను టేబుల్ మీద పెట్టింది. గదే రూము, గదే టేబుల్, గా నాపరాయి మీద నా చుట్ట ఆర్పిన మసి ఇంకా ఉండె. దర్వాజ కాడ నవీన్‌కుమార్ నిలబడ్డడు.

నేను చెప్పిన. నాకు మాటలు రావు, అడ్డదిడ్డంగనే చెప్పిన. ఆకు గుండ్లచెల్కదే. మంద నాది అక్కడ లేకుండె, నాలుగు దినాలే ఉండె. ఘాటు తగ్గింది మల్లీశ్వరి తోటి గాదు, నా ఇంటి తోటి. నా నాలిక సరిగ్గనె చెప్పింది, నేనే తప్పు మనిషి మీద పెట్టిన. ఫోన్ల నుంచి కార్తీక్ సార్, తాత మొదట్నుంచి బాగలేదన్నడు గని నాకైతె బాగనే అనిపిచ్చింది, నేను గట్టిగ చెప్పాల్సింది అన్నడు. గాయిన గూడ మంచోడే. నేనే చెడగొట్టిన.

రచన లేచి వచ్చి మల్లీశ్వరి చేతులు పట్టుకున్నది. లోపలున్న డబ్బాలు ఇప్పుడు గూడ అమ్మలేనన్నది, ఒక్క మంద అన్న మాట నిజం గాదు గద మరి. గా మాట నాకు తగలాల్సిన కాడ తగిలింది. వచ్చే ఏడు మల్ల నువ్వే చుట్టాలె అత్తా, బీదర్ వాళ్ళకు వద్దని చెప్త అన్నది. మల్లీశ్వరి వస్తననలే, రాననలే. చేతులు మెల్లగ ఇడిపించుకొని, నడుం కాడి సంచి ఇప్పి, పేపరు పొట్లం తీసి నా ముందర పెట్టింది.

నేను ఆర్పిన సగం చుట్ట. నాలుగు నెలలు సంచిల పెట్టుకొని తిరిగింది.

"మిగిలింది తాగు బావ," అన్నది. "ఆ దినం మంద ఎట్లున్నదో చెప్పినవు. చెయ్యి ఎట్లున్నదో చెప్పలే. ఇప్పుడు చెప్పు."

ముట్టిచ్చిన. రొట్టె లేదు, నీళ్ళు లేవు, అట్లనె తాగిన. ఘాటు లేదు. గది నాకు ముందే తెలుసు. గది పక్కకు పెట్టి తాగిన. దమ్ము అల్కగొచ్చింది, ఏడ గూడ పట్టలే. నాలుగు నెలలు సంచిల నలిగింది గని పై ఆకు ఒక్క కాడ గూడ పగలలే. నిప్పు ఒక పక్కకు ఎక్కువ, ఇంకో పక్కకు తక్కువ గాకుండ సమంగ కాలుకుంట వచ్చింది. నల్ల బూడిదే, గని రాలలే. నిరుటి దాంట్ల గూడ గిట్లనె ఉండె, ముందటేడు దాంట్ల గూడ. నాలుగేండ్ల నుంచి పరీచ్చ చేస్తున్న, ఒక్కసారి గూడ చెయ్యి ఎట్లున్నదని చూడలే. ఏ చుట్ట తాగినా నా గొర్లనె తాగిన. ఆకు మార్చే చెయ్యి, లోపల సప్పటి ఆకు పెట్టి గూడ గింత పానం పెట్టి చుడ్తదా. గా దినం చూసుంటె గా దినమే తెలుస్తుండె. నాకు సిగ్గైంది. అంజి ముందర నిలబడ్డట్టనిపిచ్చింది.

"చెయ్యి మారలే," అన్న. "నాలుగేండ్ల నుంచి ఒక్కటే చెయ్యి. తప్పు ఎంచనీకె ఏం లేదు."

పీక దాకా వచ్చింది. చేతి ఏండ్లకు సురుకు తగిలింది. కాయిదా ప్రకారం కింద పెట్టొచ్చు, గని ఆమె చూస్తున్నది, నేను పెట్టలే. తోలు కాలిన వాసనొచ్చింది. రచన తాతా అన్నది. నేను పెట్టలే.

"సాలు, పెట్టు బావ," అన్నది మల్లీశ్వరి.

పెట్టిన. ఆమె అప్పుడు దర్వాజ దిక్కు తిరిగి, ఇన్నవా అని నవీన్‌కుమార్‌ను అడిగింది. ఇన్న అత్తా అన్నడు వాడు తల వంచుకొని. అప్పుడు నా మీది మాట ఎన్ని ఇండ్లల్ల చెప్పినవు అని అడిగింది.

"గన్ని ఇండ్లల్ల ఇది గూడ చెప్పు," అన్నది. "మా ఇంట్ల అంజికి ఇస్తారు వేసిన జాగ కాడికెల్లి మొదలువెట్టు. ఆయినకు నేను ముందుగాలనె చెప్పిన, గని నువ్వు గూడ చెప్పు."